కర్ర ఉన్నవాడి భయం

పోయిన వానాకాలంలో ఒక రాత్రి, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర మీద చీకటి సొరంగం. గోడ అవతల ఏదో గీకుతున్న చప్పుడు. చేతిలో లైటు ఆరిపోయేలా ఉంది. అన్నానికి ఎన్నిసార్లు పిలిచినా పలకలేదని మా అమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. కుర్చీలోంచి అమాంతం లేచి నిలబడ్డాను.

"ఏట్రా బాబూ ఇది! ఉన్న భయాలు సాల్లేదేటి? డబ్బులిచ్చి మరీ కొనుక్కుంతన్నావు?" అంది.

అప్పటికేదో సర్దిచెప్పి అన్నానికి లేచాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఉద్దానంలో పుట్టి పెరిగిన మనిషి అడగదగ్గ మాటే అది. మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం హోరు వినిపించే ఊరు. కొబ్బరి, జీడి, పనస, మునగ. బస్సులో పోతూ చూసేవాళ్ళకు కళ్ళు చల్లబడే పచ్చదనం. ఆ పచ్చదనంలో ఎలుగుబంట్లు తిరుగుతాయి. అక్టోబరు వచ్చిందంటే అందరి చెవులూ సముద్రం వైపే ఉంటాయి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. మా వైపు "పిల్లోడు ఎప్పుడు పుట్టాడు?" అని అడిగితే "తుఫానుకు ముందు", "తుఫాను వెళ్ళాక" అని చెప్పే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి చోట ఉంటూ, భయపెట్టే ఆటను కోరి ఆడటం ఏమిటి? దానికి జవాబు ఉంది. ఆ జవాబు కోసమే ఇదంతా రాస్తున్నాను.

నేను ఆడుతున్న ఆట పేరు ఆమ్నీషియా: ది బంకర్. స్వీడన్ కంపెనీ ఫ్రిక్షనల్ గేమ్స్ తయారుచేసింది, 2023 జూన్‌లో వచ్చింది. కథ మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. ఆన్రీ అనే ఫ్రెంచి సైనికుడు గాయపడి స్పృహ తప్పి, నేల కింద బంకర్‌లో కళ్ళు తెరుస్తాడు. పాత సంగతులేవీ గుర్తుండవు. పైఅధికారులు పారిపోతూ బయటికి పోయే దారిని పేల్చి మూసేశారు. లోపల ఒక మృగం తిరుగుతోంది. ఆ దారిని డైనమైట్‌తో మళ్ళీ పేల్చుకుని బయటపడాలి. దానికి కావలసిన సామాను బంకరంతా వెతికి, ఒక్కొక్కటిగా తెచ్చుకోవాలి. ఇంతే ఆట.

ఆన్రీ వీరుడు కాడు. చేతిలో ఒక రివాల్వర్ ఉంటుంది, తూటాలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఆ తూటా తగిలినా మృగం చావదు, కాసేపు వెనక్కి తగ్గుతుందంతే. ఇంకా ఎన్ని తూటాలున్నాయో తెర మీద అంకె కనిపించదు, తుపాకీ తిప్పి కళ్ళతో చూసుకోవాలి. లైటుకు బ్యాటరీ లేదు. తాడు పట్టి లాగితే లోపల చక్రం గిర్రున తిరిగి కాసేపు వెలుగుతుంది. ఆ గిర్రుమనే చప్పుడు మృగానికి వినపడుతుంది. వెలుతురు కావాలంటే చప్పుడు చెయ్యాలి, చప్పుడు చేస్తే అది వస్తుంది. ఇది కనిపెట్టిన బుర్రకు దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

వీటన్నిటినీ మించింది జనరేటర్. బంకర్ మధ్యలో, ఆట సేవ్ చేసుకునే, అంటే ఆడినంతవరకూ భద్రపరచుకునే గది పక్కనే ఉంటుంది. అందులో ఇంధనం పోస్తే బంకర్‌లో దీపాలు వెలుగుతాయి. దీపాలున్నంతసేపు మృగం గోడల సందుల్లోంచి బయటికి రావడానికి అంతగా ఇష్టపడదు. ఇంధనం అయిపోయిందా, చీకటి. చీకటి పడిందా, బంకర్ దానిదే. ఒక జేబు గడియారం దొరుకుతుంది. జనరేటర్ ఇంకా ఎంతసేపు నడుస్తుందో అది చూపిస్తుంది. ఏదో మూల గదిలో సొరుగులు వెతుకుతూ, చేయి ఆగి, గడియారం తీసి చూసుకుంటాం. వెనక్కి పరిగెత్తాలా, ఇంకొక్క గది చూసి పోవాలా? ఆటంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మా పిన్ని కొడుకు విశాఖలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడి చేతిలో పెట్టాను. అరగంట ఆడి లేచిపోయాడు. "ఏటన్నయ్యా ఇది, తుపాకీ ఇచ్చి తూటాలివ్వడేటి? ఇచ్చినా అది సావదేటి? ఇంక ఆడటం దేనికి?" అన్నాడు. వాడి బాధ నాకు అర్థమైంది. వాడు ఫోన్లో ఆడే ఆటల్లో ఒక పూటలో వందమందిని చంపుతాడు. పొద్దుటినుంచీ క్లాసులు, పరీక్షలు, ఉద్యోగం వస్తుందో రాదోనన్న బెంగ. సాయంత్రం ఒక గంట బలవంతుడిగా ఉండాలనుకోవడంలో తప్పేమీ లేదు. నేనూ అలాంటివి ఎన్నో ఆడాను, ఇప్పటికీ ఆడతాను.

కానీ వాడి మాటకు ఎదురుగా ఇంకో వాదం ఉంది. దాన్ని వినిపించేవాళ్ళు హారర్ ఆటలంటే ప్రాణం పెట్టేవాళ్ళు. వాళ్ళేమంటారంటే, అసలు ఆయుధమే ఇవ్వకూడదు, ఇస్తే భయం పలచబడిపోతుంది అని. దీని వెనక చరిత్ర ఉంది. 1992లో అలోన్ ఇన్ ద డార్క్ అనే ఆట వచ్చింది. 1996లో క్యాప్‌కామ్ వాళ్ళు రెసిడెంట్ ఈవిల్ తెచ్చి, సర్వైవల్ హారర్, అంటే చాలీచాలని సామానుతో ప్రాణం కాపాడుకునే భయం ఆట, అన్న మాటను అందరి నోళ్ళలోకీ ఎక్కించారు. అందులో ఆట సేవ్ చేసుకోవడానికి కూడా టైప్‌రైటర్ రిబ్బన్లు ఖర్చుపెట్టాలి. తర్వాత్తర్వాత ఆ ఆటల్లో తుపాకులు పెరిగాయి, భయం తగ్గింది. అప్పుడు, 2010లో, ఇదే ఫ్రిక్షనల్ గేమ్స్ మొదటి ఆమ్నీషియాతో ఆయుధాలన్నీ లాగేసుకుంది. దాక్కో, పరిగెత్తు, అంతే. 2013లో ఔట్‌లాస్ట్ వచ్చింది. ఒక విలేకరి, వాడి చేతిలో చీకట్లో చూడగలిగే వీడియో కెమెరా, దానికి చాలీచాలని బ్యాటరీలు. ఆయుధం లేనివాడే అసలైన హారర్ హీరో అన్న నమ్మకం ఆ రోజుల్లో గట్టిపడింది.

ఈ రెండు వాదాలూ నాకు ఒప్పుదల కావు. ఏమీ లేనివాడి భయం కంటే కొంచెం ఉన్నవాడి భయం పెద్దది. ఆ కొంచెం ఎంత తక్కువైతే, దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో అంత తెలియకపోతే, భయం అంత లోతుగా దిగుతుంది. ఈ మాట నేను ఆటల్లో నేర్చుకోలేదు.

ఔట్‌లాస్ట్ ఆడిన రాత్రి నాకు గుర్తుంది. మొదటి గంట ఒళ్ళు వణికింది. మూడో తరుములాటకు వచ్చేసరికి నాకు లెక్క తెలిసిపోయింది. పరిగెత్తు, మలుపు తిరుగు, మంచం కిందో అల్మరాలోనో దూరు, వెంటపడ్డవాడు వెళ్ళేదాకా ఆగు. చెయ్యడానికి ఇంకేమీ లేదు కాబట్టి ఆలోచించడానికీ ఏమీ లేకపోయింది. నన్ను ఎవరో కళ్ళకు గంతలు కట్టి చెయ్యిపట్టి నడిపిస్తున్నట్టుంది. దాని మీద నాకు గౌరవం లేక కాదు ఈ మాట అంటున్నది. కొన్ని చోట్ల గొప్పగా చేశారు. కానీ ఆ భయం నాది కాలేదు.

మన భాషలో భయానికి ఒక్క మాట సరిపోదు. తలుపు చాటునుంచి ఎవరైనా 'భౌ' అంటే ఉలిక్కిపడతాం. అది ఉలికిపాటు, మరుక్షణం నవ్వేస్తాం. సందెవేళ తోటలో ఏదో చూసి పరిగెత్తుకొచ్చిన పిల్లాడు జడుసుకుంటాడు. ఒళ్ళు కాగుతుంది, నిద్దట్లో కలవరిస్తాడు, అమ్మమ్మలు ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేస్తారు, రెండు రోజులకు లేచి ఆడుకుంటాడు. అది జడుపు. ఇంకోటి ఉంది, గుబులు. ఇంకా ఏమీ జరగలేదు. జరుగుతుందో లేదో తెలీదు. మన దగ్గరున్నది చాలుతుందో లేదో తెలీదు. పళ్ళెంలో అన్నం ఉంటుంది, ముద్ద దిగదు. ఎవరు పలకరించినా మామూలుగానే మాట్లాడతాం, లోపల మాత్రం ఏదో కదులుతూనే ఉంటుంది. దీనికి దిష్టి తీసేవాళ్ళు లేరు.

చాలా హారర్ ఆటలు ఉలికిపాటు దగ్గరే ఆగిపోతాయి. మంచివి జడుపు దాకా వెళ్తాయి. గుబులు పుట్టించగలిగినవి నేను ఆడినవాటిలో రెండే. ఒకటి 2014లో వచ్చిన ఏలియన్: ఐసొలేషన్. అందులో అమాండా అనే ఇంజినీరు, అంతరిక్ష కేంద్రంలో చంపడానికి వీలులేని ఒక జీవినుంచి తప్పించుకుంటూ తిరుగుతుంది. సేవ్ చేసుకోవడానికి గోడకున్న పెట్టెలో కార్డు పెట్టి, కొన్ని క్షణాలు ఆగాలి. ఆ కొన్ని క్షణాల్లోనే అది వెనకనుంచి వచ్చి చంపెయ్యవచ్చు. రెండోది ఈ బంకర్.

మా తాతకు ఊరి పడమట మూడెకరాల జీడి తోట ఉండేది. ఏప్రిల్, మే నెలల్లో పండు రాలే కాలంలో తెల్లవారుజామునే వెళ్ళి పిక్కలు ఏరుకు రావాలి. ఆలస్యమైతే ఇంకెవరో ఏరుకుపోతారు. ఆ పండు వాసనకు ఎలుగులూ వస్తాయి. నాకు పన్నెండేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో తాతతో వెళ్ళేవాణ్ణి. తాత చేతిలో మనిషెత్తు కర్ర. తోట గట్టు ఎక్కింది మొదలు చెట్టు చెట్టుకూ ఆ కర్రతో కొడుతూ, గట్టిగా దగ్గుతూ, నాతో అక్కర్లేని కబుర్లు పెద్ద గొంతుతో చెబుతూ నడిచేవాడు. ఇంట్లో పది మాటలకు ఒక్క మాట మాట్లాడే మనిషి, తోటలో ఎందుకింత వాగుతాడో అని ఆశ్చర్యపోయేవాణ్ణి.

ఒకరోజు ఎలుగు మాకు ఎదురైంది. ఇరవై అడుగులుంటుందేమో. పనస చెట్టు మొదట్లో వంగి ఏదో తింటున్నది తల ఎత్తింది. గుండె మీద తెల్లటి మచ్చ. ముక్కు గాల్లోకి లేపి అటూ ఇటూ తిప్పింది. ఎలుగుకు చూపు తక్కువ, వాసన పట్టడంలో మాత్రం దాన్ని మించింది లేదు. తాత కర్ర ఎత్తలేదు. ఎడమ చేత్తో నన్ను వెనక్కి నెట్టుకుని, గొంతు మార్చకుండా, "ఎనక్కి తిరక్కు. పరిగెత్తకు. నాతోపాటే అడుగెయ్యి" అన్నాడు. మేమిద్దరం దాన్ని చూస్తూనే ఒక్కో అడుగూ వెనక్కి వేశాం. అది ఇంకాసేపు ముక్కు తిప్పి, పొదల్లోకి పోయింది. ఆ రోజు పిక్కలు ఏరలేదు.

సాయంత్రం వీధిలో కుర్రాళ్ళు, "కర్రుంది గదా తాతా, ఒక్కటియ్యలేకపోనావా?" అని నవ్వారు. తాత చుట్ట వెలిగించుకుంటూ, "కర్ర సప్పుడికిరా. కొట్టడానికేటి, అదేటి పామా?" అన్నాడు. తర్వాత నాతో ఒక్కడితోనే చెప్పాడు. కర్ర లేకపోతే ఆ రోజు ఆయన తోటకు వెళ్ళేవాడే కాదట. కర్ర ఉంది కాబట్టి వెళ్ళాడు. వెళ్ళాడు కాబట్టి భయపడ్డాడు. చేతిలో ఉన్న కర్ర ఎత్తాలా వద్దా అన్నది ఒక్క క్షణంలో తేల్చుకోవలసి వచ్చింది, ఎత్తి ఉంటే ఇద్దరం తిరిగొచ్చేవాళ్ళం కాదేమో అన్నాడు.

ఇది కబుర్లకోసం చెప్పేది కాదని మా వైపు అందరికీ తెలుసు. 2022 జూన్‌లో మా మండలంలోనే కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, ఇంకొందరు గాయపడ్డారు. ఆ వారం మా ఊళ్ళో ఎవరూ ఒంటరిగా తోటకు వెళ్ళలేదు. వెళ్ళడం మాత్రం ఎవరూ మానలేదు. పిక్కలు ఎవరి కోసమూ ఆగవు.

మా తోటలో చప్పుడు మనిషిని కాపాడుతుంది. మనం వస్తున్నామని ముందే తెలిస్తే ఎలుగు తప్పుకుంటుంది, హఠాత్తుగా ఎదురుపడితేనే మీద పడుతుంది. బంకర్‌లో చప్పుడు మనిషిని చంపుతుంది. అయినా ఆ ఆటలో మొదటిసారి తాడు లాగి లైటు వెలిగించినప్పుడు నాకు మా తాత దగ్గు వినపడ్డట్టయింది. రెండిట్లోనూ మనిషి చెవితోనే బతుకుతాడు. ఏ చప్పుడు ఎటునుంచి వస్తోంది, నేను చేసిన చప్పుడు ఎంత దూరం పోయింది? తూటాలు దండిగా ఉన్న ఆటల్లో నేను ఎప్పుడూ ఇలా చెవి రిక్కించి వినలేదు. అవసరం రాలేదు.

ఇక తిత్లీ సంగతి. ఈ వ్యాసం రాయాలని కూర్చున్నప్పటినుంచీ దీన్ని దాటేసి వెళ్ళిపోదామనే చూస్తున్నాను. దాటేస్తే మిగతాదంతా ఉత్త మాటలవుతాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి. అమావాస్య వెళ్ళి రెండు రోజులే అయింది, ఆకాశంలో వెన్నెల చుక్క లేదు. పొద్దున లేచి చూస్తే ఊరు మా ఊరిలా లేదు. ఎప్పుడూ చెట్ల మధ్య కనిపించని సముద్రం వైపు ఆకాశం, తెరిచిన తలుపులా కనిపించింది. కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపుకు పడిపోయి ఉన్నాయి. స్తంభాలు విరిగి, తీగలు తెగి రోడ్డు మీద పడ్డాయి. మా వీధికి కరెంటు తిరిగి వచ్చింది పదిహేనో రోజున.

అప్పట్లో నాకు కాశీబుగ్గలో సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉండేది. షాపుకు కొన్న చిన్న పెట్రోలు జనరేటర్‌ను హెచ్చరికలు వచ్చిన రోజే ఇంటికి తెచ్చుకున్నాను. రెండు డబ్బాల పెట్రోలు కూడా. తుఫాను వెళ్ళిన మర్నాటినుంచి మా అరుగు మీద ఊరంతా ఉంది. ఫోన్లు చార్జింగ్ పెట్టుకోవడానికి, దూరాన ఉన్న పిల్లలకు బతికే ఉన్నామని చెప్పుకోవడానికి. ఫోనుకు ఇరవై రూపాయలు తీసుకున్నాను. పక్కింటివాళ్ళ మోటారుకు పెట్టి ట్యాంకులో నీళ్ళెక్కించాను. గంటకు లీటరు దాకా తాగేది అది. దగ్గర్లో పెట్రోలు బంకులు కరెంటు లేక మూతపడ్డాయి. తెరిచిన చోట కిలోమీటరు పొడుగు లైను.

నాలుగో రోజు రాత్రికి డబ్బాలు రెండూ ఖాళీ అయ్యాయి. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా నిండా పెట్రోలు మాత్రం మిగిలింది. దాన్ని లోపలింట్లో బియ్యం డ్రమ్ము వెనక పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి తొమ్మిదింటప్పుడు ఎదురింటి చిన్నాన్న వచ్చాడు. వరసకు చిన్నాన్న. వాళ్ళమ్మను నేను మామ్మా అంటాను, చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి. ఆవిడకు ఆయాసం. ఆవిరి పెట్టుకునే మిషను కరెంటు ఉంటేనే పనిచేస్తుంది. "బాబూ, ఒక్క పావుగంట ఏసీ. అమ్మకి ఊపిరి అందట్లేదు" అన్నాడు. టార్చిలైటు కిందికి పెట్టుకున్నాడు, నా ముఖం మీద పడకుండా.

"పెట్రోలు అయిపోనాది సిన్నాన్నా" అన్నాను.

ఎందుకలా అన్నానో అప్పటినుంచీ ఎన్నోసార్లు ఆలోచించాను. డబ్బు కోసం కాదు. మర్నాడు ఏమవుతుందోనన్న భయం. మా నాన్నకు బీపీ, ఏ రాత్రి ఏం అవసరం వస్తుందో, ఇంకో తుఫాను ఉందంటున్నారు, ఉన్నదల్లా ఈ ఒక్క సీసా. డబ్బాలు నిండుగా ఉన్నప్పుడు అడిగితే ఆలోచించకుండా వేసేవాణ్ణి. ఒక్క బొట్టు లేకపోయినా నోట అబద్ధం వచ్చేది కాదు. ఆ రెండు లీటర్లే నన్ను అంత పిరికివాణ్ణి చేశాయి.

వాళ్ళు ఆవిడను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోయిన చెట్లమీంచి ఇద్దరు కొడుకులూ మోసుకుంటూ రోడ్డు దాకా తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి ఎవరిదో ట్రాక్టరు దొరికింది. నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చింది. ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. ఎప్పుడు కనిపించినా "తిన్నావా బాబూ?" అనేది. ఆ సీసాలో పెట్రోలు ఆరో రోజున ఫోన్ల చార్జింగ్‌కే అయిపోయింది.

బంకర్ ఆడటం మొదలుపెట్టిన రెండో రోజు ఒక గదిలో నాకు ఇంధనం డబ్బా ఒకటి దొరికింది. పరిగెత్తుకుని జనరేటర్ దగ్గరకు వచ్చాను. డబ్బా మూతి దానికి ఆనించాను. పొయ్యబోయి ఆగాను. గడియారంలో ఇంకా కొంచెం ఉంది. ఇప్పుడే ఎందుకు పొయ్యాలి? దాచుకుంటే? డబ్బాను పెట్టెలో దాచి, ఉన్న కాసేపట్లో ఇంకో వైపు వెళ్ళొద్దామని బయల్దేరాను. దారిలో దీపాలు ఒక్కసారి రెపరెపలాడి ఆరిపోయాయి. గోడలో గీకుడు మొదలైంది. ఇంధనం నా పెట్టెలో ఉంది, నేను చీకట్లో ఉన్నాను.

ఆన్రీ చచ్చిపోయాడు. నేను హెడ్‌ఫోన్స్ తీసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ చెయ్యి నాకు తెలుసు. మూతి ఆనించి, వంచకుండా ఆగిన చెయ్యి.

అమ్మ అడిగిందానికి నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. నిజం భయంలో ఉన్నప్పుడు మన చెయ్యి మనకు కనిపించదు. ఏం చేశామో తర్వాత తెలుస్తుంది, అప్పటికి కుర్చీ చెట్లు దాటి వెళ్ళిపోయి ఉంటుంది. తిత్లీ రాత్రిని నేను మళ్ళీ గడపలేను. అయినా అంత కొంచెం ఇంధనంతో, అంత చీకట్లో, అదే గుబులుతో నన్ను నేను పదిసార్లు చూసుకోనిచ్చిన చోటు ఈ ఆట. సముద్రం మా అరుగు దాకా రాకుండా, ఎవరి ఊపిరీ ఆగకుండా. తుపాకీ నిండా తూటాలున్న హీరో నాకిది చూపించలేడు. అతనికి దాచుకోవలసిన అవసరమే రాదు. ఒట్టి చేతులతో పరిగెత్తే హీరో కూడా చూపించలేడు, దాచుకోవడానికి అతని దగ్గర ఏమీ లేదు.

ఆట ఆడితే తప్పు కడుక్కుపోతుందని నేను అనడం లేదు. పోదు. మామ్మ ఉన్నప్పుడు చెప్పవలసింది, చెప్పలేదు. అలాగే, ఇది అందరూ ఆడాలనీ అనను. తుఫాను నెలల్లో నేను దీని జోలికి వెళ్ళను. గాలి చప్పుడు బయటిదో లోపలిదో తెలియని రాత్రి ఒకటి గడిచాక ఆ నియమం పెట్టుకున్నాను. గుండె జబ్బున్నవాళ్ళకు, రాత్రిళ్ళు నిద్ర పట్టనివాళ్ళకు ఇది పెట్టవద్దు. ఆటలో లోపాలూ ఉన్నాయి. చివర్లో పాత సొరంగాల్లోకి దిగాక జనరేటర్‌తో పని తగ్గిపోతుంది. అప్పటిదాకా మన ప్రాణం ముడిపడి ఉన్నదాన్ని వదిలేసి వెళ్తున్నట్టుంటుంది. ఆ ముడి చివరిదాకా ఉంచి ఉండవలసింది. ఆ మృగం ఎవరో, ఆన్రీకి దానితో ఏమిటో ఆట సాగేకొద్దీ తెలుస్తుంది. అది మాత్రం చెప్పను. మీరే ఆడండి. మనసులో బరువున్నవాళ్ళకు అది ఇంకో రకంగా తగులుతుంది.

మా తమ్ముడితో ఈ మాటలన్నీ అనలేదు. వాడు మొన్న వేసవిలో వచ్చినప్పుడు అడక్కుండానే మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి రెండు గంటలు. వాడు తూటాల సంగతి ఎత్తలేదు. ఒక చోట ఆగి, "అన్నయ్యా, ఇప్పుడు పరిగెడితే దీపాలుండగా చేరతానేటి?" అని అడిగాడు. చెప్పలేదు. వాణ్ణే తేల్చుకోనిచ్చాను.

మొన్న ఒక రాత్రి అమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి భుజం మీద చెయ్యి వెయ్యలేదు. పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. నేను హెడ్‌ఫోన్స్ ఊడదీసి చప్పుడు బయటికి పెట్టాను. గోడలో గీకుడు వినిపిస్తే అదేంటని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. జనరేటర్‌నే చూస్తోంది. తుఫాను రోజుల్లో మా అరుగు మీద మోగినదాని కంటే పెద్దది, అయినా గుర్తుపట్టింది.

"ఆయిలు ఎంతుంది?" అంది.

"ఒక్క డబ్బా ఉందమ్మా."

ఇంట్లో బియ్యం డ్రమ్ము దగ్గరకు రోజుకు రెండుసార్లు వెళ్ళే మనిషి ఆవిడ. ఆ సీసా చూసిందో లేదో ఇన్నేళ్ళలో నేను అడగలేదు, ఆవిడా అనలేదు. తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండానే అంది.

"దాసుకోకు. పోసీ."

నేను డబ్బా వంచాను.